పద్నాలుగో అర్థం

పదకొండో అర్థంలోంచి రెండు పంక్తులు తీసేయాలి, ఆరో అర్థం కింద జారిపోయిన కామా పెట్టించాలి, చీటీల కట్టలు వరస తప్పకుండా మళ్ళీ తాళ్ళేసి కట్టాలి, టైపిస్టు డఫ్నీ తెచ్చిచ్చిన కార్డు మీద ఒక మాట రాసి సంతకం పెట్టాలి, మూడుంపావుకల్లా కిందికి దిగి కప్పులు సర్దాలి, నాన్నకు ఉత్తరం రాయాలి, ఐదింటికి ప్రెస్సు మనిషి వచ్చేలోగా పద్నాలుగో అర్థం సంగతి తేల్చాలి, మొత్తం ఏడు పనులు, పొద్దున తొమ్మిదింటికి కాగితం మీద రాసుకున్నప్పుడు ఏడూ ఒకే ఎత్తున్నట్టు, ఒకదాని కింద ఒకటి బుద్ధిమంతుల్లా నిలబడ్డాయి, ఇప్పుడు రెండు దాటింది, మొదటి మూడూ కొట్టేసి ఉన్నాయి, నాలుగోదాని దగ్గర కలం ఆగిపోయింది, ఎందుకంటే ఆ కార్డు మిస్టర్ టిప్పింగ్‌కి, ఇవాళ్టితో ఉద్యోగం మానుకుంటున్న ఎర్నెస్ట్ టిప్పింగ్‌కి, ఆయన మానుకోవడానికి కారణం పద్నాలుగో అర్థం, పద్నాలుగో అర్థానికి కారణం తను, అంటే నాలుగో పనీ ఏడో పనీ నిజానికి ఒకటే పని, ఆ సంగతి కాగితం చూస్తున్న మేవిస్ క్రాబ్‌ట్రీకి తెలుస్తూనే ఉంది, తెలుస్తున్నకొద్దీ చెయ్యి కదలనంటోంది.

కిటికీ తెరుద్దామని లేచింది, లేచాక గుర్తొచ్చింది, అది తెరుచుకోదు, ఎప్పుడో రంగులు వేసినవాళ్ళు రెక్కనీ చట్రాన్నీ కలిపి పూసేశారు, ఆరేళ్ళుగా ఈ గదిలో పనిచేస్తూ కూడా నెలకోసారి లేచి, దాని మీద చెయ్యి వేసి, మళ్ళీ కూర్చోవడం అలవాటైపోయింది, బయట నవంబరు వాన, కాలేజీ గోపురాలన్నీ తడిసిన బూడిదరంగులో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి, లోపల నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, అరల నిండా చీటీలు, ఒక్కో చీటీ మీద ఒక మాట, ఆ మాట వచ్చిన వాక్యం, ఏ పుస్తకం, ఏ సంవత్సరం, ఎన్నో పేజీ, దేశం నాలుగు మూలల నుంచీ పింఛను పుచ్చుకున్నవాళ్ళూ, టీచరమ్మలూ, చర్చి గురువులూ సాయంకాలాలు పుస్తకాలు చదివి రాసి పంపేవి, వాటిని అర్థాల వారీగా విడదీసి, పేర్చి, నిర్వచనం రాయడం నిఘంటువు ఆఫీసులో తన పని, ఏడాదిన్నరగా తనకు అప్పగించిన మాట మైండ్, పేరుకు ఇంగ్లీషులో నాలుగక్షరాల క్రియ, ఇక్కడ పుట్టిన ప్రతి మనిషీ పొద్దున లేచింది మొదలు పదిసార్లు వాడేది, మెట్టుంది చూసుకో అనడానికి అదే, పాప పడుకుంది కాస్త చూసుకో అనడానికి అదే, నీ పని నువ్వు చూసుకో అని మూతి తిప్పడానికీ అదే, ఇక్కడ కూర్చుంటే మీకేమన్నా ఇబ్బందా అనడానికీ, పోనీలే పట్టించుకోకు అని భుజం తట్టడానికీ అదే, అయితే చీటీలు పంపేవాళ్ళ కళ్ళకు వింత మాటలే ఆనుతాయి, ఎవరూ వాడని పాత మాట ఒకటి కనపడితే యాభైమంది రాసి పంపుతారు, మైండ్ లాంటిది ఎదురుగా నడిచిపోతున్నా పట్టించుకోరు, కూరలో ఉప్పుందని ఎవరు ఉత్తరం రాస్తారు, అందుకే ఈ క్రియ కట్టల్లో ప్రసంగాలున్నాయి, ప్రభువులు రాసుకున్న ఉత్తరాలున్నాయి, నవలల్లో దొరసానులు పనివాళ్ళను గదమాయించినవి ఉన్నాయి, మగ్గాల మధ్య నిలబడి బతికినవాళ్ళు అన్నది ఒక్కటీ లేదు, ఒక్కటి తప్ప, పద్నాలుగో అర్థం కింద పెట్టిన ఆ ఒక్కటి తప్ప, చూశావా, గానుగెద్దు ఎంత దూరం నడిచినా రోలు చుట్టూనే, ఉప్పు దగ్గర బయల్దేరిన ఆలోచన తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగింది.

టిప్పింగ్ పని సరిచూడటం, ఎంత గొప్పవాళ్ళు పంపిన చీటీ అయినా, అచ్చుకు వెళ్ళేముందు ఆయన గ్రంథాలయానికి పోయి ఆ పుస్తకం తీయించి, ఆ పేజీ తెరిచి, వాక్యం మీద వేలు పెట్టి అక్షరమక్షరం పెదాలతో చదువుకుని, అప్పుడు చీటీ మూల పచ్చ పెన్సిలుతో ఒక గీత గీస్తాడు, ఆ పచ్చగీత లేనిదే ఏ వాక్యమూ నిఘంటువులోకి రాదు, నలభై ఒక్క ఏళ్ళ నుంచీ అదే పని, పదమూడేళ్ళకు బడి మానేసి గ్రంథాలయంలో పుస్తకాలు మోసే పనికి చేరినవాడు, చదువుకున్నవాళ్ళ తప్పులన్నీ ఆయనకే తెలుసు, ఎప్పుడూ ఎవరినీ ఎత్తిపొడవలేదు, సైకిలు మీద వచ్చి, ప్యాంటు కాళ్ళకు పెట్టుకున్న క్లిప్పులు తీయడం మరిచిపోయి రోజంతా అలాగే తిరుగుతాడు, మేవిస్ చేరిన మొదటి వారం ఆమెను మెట్ల దగ్గర ఆపి, మిస్, మీది బర్న్లీ కదూ, మీ మాట వింటే తెలుస్తోంది, మా ఆవిడ ఐవీ వాళ్ళ మేనత్త అక్కడే నేత పనిలో ఉండేది, చెవుడు వచ్చేదాకా చేసింది పాపం అన్నాడు, తనేమో ఆ, అవునండి అని గబగబా ఎక్కేసింది, ఎందుకంటే పైన మెట్టు మీద డాక్టర్ సెల్బీ నిలబడి ఉన్నారు, ప్రధాన సంపాదకులు, వినలేదేమో, విన్నారేమో, ఆ సాయంత్రం నుంచీ గదిలో అద్దం ముందు నిలబడి ఒక్కో అచ్చునీ నోట్లో నలిపి, ఉత్తరాది మిల్లుల యాస పోగొట్టుకుని దక్షిణాది మాట నేర్చుకుంది, సరే అది వేరే సంగతి, ఇప్పుడు దానికీ దీనికీ ఏం సంబంధం, టిప్పింగ్‌కి నిరుడు చలికాలం నుంచీ కంట్లో శుక్లాలు మొదలయ్యాయి, వసంతంలో రెండు చీటీల మీద పేజీ అంకెలు తప్పు పడ్డాయి, మూడు ఎనిమిదయింది, డాక్టర్ సెల్బీ ఏమీ అనలేదు, అనకపోవడమే టిప్పింగ్‌కి తగిలింది, ఆ తరువాత వచ్చింది పద్నాలుగో అర్థం చీటీ, రెవరెండ్ జె. థార్న్‌బర్ రాసిన పుస్తకం, నేతవాళ్ళ వీధుల్లో ఒక గురువు, 1868, నూట పన్నెండో పేజీ, ఆ పుస్తకం గ్రంథాలయంలో లేదు, జాబితాల్లో లేదు, టిప్పింగ్ తన సెలవులోంచి రెండు రోజులు తీసుకుని లండన్ పోయి అక్కడి పెద్ద గ్రంథాలయంలో వెతికాడు, లేదు, వచ్చి మేవిస్ బల్ల దగ్గర నిలబడి, దొరకలేదు మిస్, కానీ మీరు చూసి రాసుకున్నారంటే ఎక్కడో ఉండే ఉంటుంది, ఈ కళ్ళు పక్కనుంచి పోయుంటాయి, రేపు మళ్ళీ మొదటి అర నుంచి చూస్తాను అన్నాడు.

ఎక్కడా లేదు, ఉండదు, ఎందుకంటే ఆ రెవరెండు పుట్టలేదు, ఆ పుస్తకం ఎవరూ రాయలేదు, ఆ చీటీ ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం అద్దెగదిలో మంచం మీద కూర్చుని, పాత పాళీ వెతికి, సిరాలో నీళ్ళు కలిపి గోధుమరంగు చేసి, తనే రాసింది, ఆ వాక్యం మాత్రం అబద్ధం కాదు, అది నాన్నమ్మది, నాన్నమ్మ యాభైయేళ్ళు బర్న్లీ మిల్లులో నాలుగు మగ్గాలు నడిపింది, ఆ మోతకు మనిషి పక్కన నిలబడి అరిచినా వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్ళంతా గొంతు లేకుండా నోరంతా సాగదీసి పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు, ఇంట్లోనూ అదే అలవాటు, వంటింట్లోంచి ముందుగదిలోకి పెదాలతో కబురు పంపేది, తనకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి బంగాళాదుంపలు చెక్కుతూ, పిల్లా, లిజ్జీకి రెండోవాడు పుట్టినప్పుడు మూడు వారాలు దాని మగ్గాలు నేనే చూసుకున్నా, అది లేదని ఆఫీసుకు తెలిస్తే ఒట్టు అంది, చూసుకున్నా అన్నచోట వాడింది ఈ మైండే, కానీ పాపను చూసుకోవడం కాదు, మెట్టు చూసుకోవడం కాదు, ఒక మనిషి రాలేని రోజుల్లో ఆ మనిషి పని ఆ మనిషి పేరు మీదే చేసి, ఆ చోటు పోకుండా నిలపడం, వెనక నాలుగు మగ్గాలు, ముందు నాలుగు, మధ్యలో తిరుగుతూ ఎనిమిది, లిజ్జీ గుడ్డ లిజ్జీ లెక్కలోనే పడాలి, మరి నీకేం మిగిలింది నాన్నమ్మా అంటే, కాళ్ళవాపు అని నవ్వింది, ఆ వాడుక ఆ మిల్లుల్లో అందరికీ తెలుసు, ఏ పుస్తకంలోనూ లేదు, ఆఫీసులో చేరిన మొదటి నెల మైండ్ కట్టలు తిరగేస్తూ అది లేదని గమనించి, ధైర్యం చేసి డాక్టర్ సెల్బీ గదికి వెళ్ళి చెబితే, ఆయన పైపు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నారు, చాలా మంచి మాట, మిస్ క్రాబ్‌ట్రీ, కానీ అచ్చులో ఎక్కడుంది, నోటిమాట మనకు పనికిరాదు అన్నారు, పనికిరాదంటే మరి ఏం చేస్తుంది, నాన్నమ్మ మాట చెత్తబుట్టలో పోతుంటే చూస్తూ ఊరుకుంటుందా, నాన్నమ్మ కోసమే చేసింది, ఎవరడిగినా అదే చెబుతుంది, ఎవరూ అడగలేదు కానీ తనకు తను వెయ్యిసార్లు అదే చెప్పుకుంది, చేసిన మర్నాడే భయం పట్టుకుని చీటీ తీసి చింపేద్దామని కట్ట విప్పబోతే తాడు ముడి పడిపోయింది, ఎవరో వస్తున్న అలికిడి, సరే తరువాత చూద్దాం అనుకుంది, ఎం అక్షరం రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది కదా, అప్పటికి ఎవరుంటారో ఎవరు పోతారో, నాన్నమ్మ పోయింది, ఎం అక్షరం వచ్చింది.

క్రియ తనకే అప్పగించినప్పుడు తీసేయొచ్చు కదా, తీసేయొచ్చు, తీయాలనే కట్ట విప్పింది, అప్పటికే డాక్టర్ సెల్బీ ఆ కట్టలన్నీ ఒక వారాంతం ఇంటికి పట్టుకెళ్ళి చదివేశారు, సోమవారం పొద్దున ఆ చీటీ చేత్తో పట్టుకుని పిల్లాడిలా మెట్లెక్కి వచ్చారు, మిస్ క్రాబ్‌ట్రీ, ఇది చూశారా, ఈ గురువెవరో కానీ చెవి ఉన్న మనిషి, మీరప్పుడు చెప్పిన వాడుకే, అచ్చులో ఉంది, మీరు చెప్పింది నిజమే అయింది, దీనికి విడిగా ఒక అర్థం ఇవ్వాలి అన్నారు, తన కళ్ళలోకి చూసి మెచ్చుకున్నారు, తను చేరాక మొదటిసారి, ఆ మెచ్చుకోలు కంఠంలో వెలక్కాయలా పడింది, మింగలేదు, కక్కలేదు, చీటీ మీద చేతిరాత ఎవరిది అని ఆయన అడిగితే, నాదేనండి, ఊరెళ్ళినప్పుడు బర్న్లీ సంతలో పాత పుస్తకాల బండి మీద చూసి రాసుకున్నాను, కొనలేదు అంది, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం, కొనలేదు అన్న చిన్న వివరం కూడా దానంతటదే వచ్చి కూర్చుంది, ఆ నెలలోనే ఆయన విశ్వవిద్యాలయం పెద్దల విందులో ఆ వాక్యం చదివి వినిపించారట, అందరూ ఆహా అన్నారట, ఇక దాన్ని తీయడానికి లేదు, ఉంచడానికి పచ్చగీత లేదు, ఒప్పుకుంటే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఆరేళ్ళలో తను రాసిన పన్నెండువేల చీటీల్లో ఏది నమ్మాలి ఏది నమ్మకూడదు అని ప్రతిదీ మళ్ళీ తీస్తారు, నాన్న మిల్లులో అందరికీ మా అమ్మాయి నిఘంటువు రాస్తోంది అని చెప్పుకున్నాడు, ఏ మొహంతో వెళ్తుంది, ఒప్పుకోకపోతేనేమో ఆ ముసలాయన రోజూ మొదటి అర నుంచి మొదలుపెడుతున్నాడు, అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే, నొక్కేవాళ్ళెవరూ లేరు, రెండు చేతులూ తనవే, పోయిన సోమవారం డాక్టర్ సెల్బీ టిప్పింగ్‌ని పిలిచి, ఎర్నెస్ట్, పుస్తకం ఉంది, మిస్ క్రాబ్‌ట్రీ స్వయంగా చూశారు, నువ్వు కాస్త విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందేమో అన్నారట, టిప్పింగ్ మర్నాడే రాజీనామా ఉత్తరం ఇచ్చేశాడు, కళ్ళు సహకరించనందున అని రాశాడట, ఆ కాగితం టైపు చేసిన డఫ్నీ చెప్పింది.

ఏమే, ఇంకా రాయలేదా అంటూ డఫ్నీయే తలుపు తోసుకుని వచ్చింది, చేతిలో చెంచాల గుత్తి, నడుముకు ఏప్రను, రాయబోతున్నా అంది మేవిస్, రాయబోతున్నా అని పొద్దుట్నుంచీ అంటున్నావు, శుభం కలుగుగాక అని రాసి పడెయ్యి తల్లీ, అది కార్డు, నిఘంటువు కాదు, అర్థానికో పేజీ వదిలిపెట్టి కూర్చోడానికి, మా అమ్మ షాజీరా వేసి కేకు చేసి పంపింది, కిందకొచ్చి కోయి, ఆ మనిషి అప్పుడే ఒక్కడే వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులాగ అని నవ్వి, నవ్వు మధ్యలో ఆపి, పాపం మేవిస్, నిన్న నాతో ఏమన్నాడో తెలుసా, నలభై ఏళ్ళు సరిగ్గా చూశాననుకున్నా డఫ్నీ, ఇప్పుడు అన్నిటిమీదా అనుమానం వస్తోంది, వెనకటివన్నీ కూడా తప్పు చూశానేమో, రాత్రి పడుకుంటే పేజీలు కళ్ళముందు తిరుగుతున్నాయి అన్నాడు అంది, అని చెంచాలు గలగలలాడిస్తూ దిగిపోయింది, మేవిస్ కార్డు తెరిచింది, ఇరవైమంది సంతకాలు, హాయిగా చేపలు పట్టుకోండి, ఐవీగారికి నమస్కారాలు, పచ్చ పెన్సిలు మాకు వదిలి వెళ్ళండి, మధ్యలో ఒక మూల తనకోసం ఖాళీ, ఏం రాస్తుంది, మీ కళ్ళు అని రాసి ఆగింది, మీ కళ్ళు తరువాత ఏ క్రియ రాసినా అబద్ధమే అవుతుంది, కొట్టేస్తే కార్డు పాడవుతుంది, రెండు మాటలూ అలాగే వదిలి, కింద మేవిస్ క్రాబ్‌ట్రీ అని పేరు పెట్టి కవరులో దోపేసింది, సంతకం పెట్టడం ఎంత తేలికో తనకు, ఆ చీటీ మీద థార్న్‌బర్ అని రాసినప్పుడు కూడా కలం ఆగలేదు.

కింది గదిలో పొడుగు బల్ల, మీద తెల్లగుడ్డ, గోడల్నిండా ఇక్కడా అరలే, డాక్టర్ సెల్బీ నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పారు, నిజంగా మంచివే, ఆయన చెడ్డమనిషి అయినా బాగుండేది, టిప్పింగ్ లేచాడు, ప్యాంటు క్లిప్పులు ఇవాళా ఉన్నాయి, ఐవీ చూస్తే చంపేస్తుంది, కొత్త సూటుకు కూడా ఇవి పెట్టుకొచ్చాను అన్నాడు, అందరూ నవ్వారు, నాకు ప్రసంగాలు రావు, ఇతరుల ప్రసంగాలు సరిచూడటమే వచ్చు, ఈ ఆఫీసులో నన్నెవరూ చదువులేనివాడా అనలేదు, దానికి మీకందరికీ కృతజ్ఞుణ్ణి, ఒక్క పుస్తకం మాత్రం నాతో దోబూచులాడి గెలిచింది, ఆ రెవరెండుగారు ఎక్కడో అటకమీద పడుకుని నన్ను చూసి నవ్వుతూ ఉంటాడు, ఆయన్ని పట్టుకునే అబ్బాయి ఎవరో వాడికి నా తరఫున ఒక బీరు అన్నాడు, మళ్ళీ నవ్వారు, డాక్టర్ సెల్బీ కూడా, మేవిస్ కేకు కోస్తోంది, ముక్కలన్నీ సమానంగా కోస్తోంది, నాన్నమ్మ పోయినప్పుడు కూడా ఇలాగే వచ్చినవాళ్ళకు హ్యామ్ ముక్కలు కోసి పెట్టింది, అంతకుముందు పట్టాల రోజు, పెద్ద హాలు, నల్ల గౌను, మూడో వరసలో నాన్నమ్మ, హాలు అవతల నుంచి నోరంతా సాగదీసి గొంతు లేకుండా, నీ టోపీ వంకరగా ఉందే పిల్లా అంటోంది, పక్కనున్న తల్లులిద్దరు ఆ నోటిని చూసి మొహాలు చూసుకుని నవ్వుకున్నారు, తను చూడనట్టు తల తిప్పుకుంది, టోపీ సరిచేసుకోలేదు, సరిచేసుకుంటే ఆవిడ తన మనిషని తెలిసిపోతుంది, ఫొటోలో ఇప్పటికీ ఆ టోపీ వంకరగానే ఉంటుంది, ఇదెందుకు గుర్తొస్తోంది ఇప్పుడు, కత్తి పళ్ళెం అంచుకు తగిలింది, మిస్, అని ఎవరో, టిప్పింగ్, చేతిలో కప్పుతో బల్ల పక్కకు వచ్చి నిలబడ్డాడు, మీకు చెప్పకుండా వెళ్ళలేను, ఆ పుస్తకం ఎప్పుడైనా దొరికితే నాకొక కార్డు ముక్క రాస్తారా, మీ మీద నిష్ఠూరం కాదు, నేను ఏ అర దగ్గర తప్పిపోయానో తెలుసుకుందామని, అది తెలిస్తే మిగతా నలభై ఏళ్ళూ సరిగ్గానే చూశానేమో అని కాస్త నిమ్మళంగా ఉంటుంది అన్నాడు, బూడిదరంగు కళ్ళు, ఒక కంటి మధ్య పాలచుక్క లాంటి మచ్చ, ఆ కన్ను తనవైపే చూస్తోంది, తనను నమ్ముతోంది, సొంత చూపుకంటే ఎక్కువగా నమ్ముతోంది, ఎందుకంటే తను చదువుకున్నది.

నాన్నమ్మ కోసం చేశాను అని లోపల ఆ పాత మాట లేచింది, లేచి నిలబడలేకపోయింది, నిలబడకుండా దాని వెనకనుంచి ఇంకోటి వచ్చింది, ఆ రోజు డాక్టర్ సెల్బీ నోటిమాట పనికిరాదు అని ఊరుకోలేదు, పనికిరాదు, కానీ ఉత్తరాదిన మాండలికాల సంఘం ఉంది కదా, ఏటా చిన్న పత్రిక వేస్తారు, మీ నాన్నమ్మగారి వివరాలతో ఈ మాట వాళ్ళకు పంపండి, వాళ్ళు అచ్చేస్తే మనం దర్జాగా తీసుకోవచ్చు అని, సొరుగు లాగి, ఒక ఫారం తీసి చేతికిచ్చారు, పేరు, ఊరు, వయసు, వృత్తి, చదువు, పంపేవారికి ఏమవుతారు, అంతే, ఆరు గళ్ళు, తను బల్ల దగ్గరకు తెచ్చుకుని కలం తీసింది, చదువు అన్న గడి దగ్గర, పదేళ్ళకు సగంపూట మిల్లు సగంపూట బడి, పన్నెండుకు బడి బంద్ అని రాయాలి, ఏమవుతారు అన్నచోట నాన్నమ్మ అని రాయాలి, ఆ ఫారం సెల్బీ చూస్తారు, డఫ్నీ టైపు చేస్తుంది, అందరూ చూస్తారు, డఫ్నీ భుజం మీదుగా, ఏంటే అది అని వంగబోతే తను అరచెయ్యి అడ్డం పెట్టింది, తరువాత మడిచి, ఇంకోసారి మడిచి, పొయ్యిలో వేసింది, అప్పటికి నాన్నమ్మ బతికే ఉంది, ఇంకా రెండేళ్ళు బతికింది, అడిగితే నోరంతా సాగదీసి నవ్వుతూ ఆ మాట మళ్ళీ చెప్పి ఉండేది, దారి ఉంది, పక్కనే ఉంది, తెరిచే ఉంది, ఆ దారిన వెళ్తే నాన్నమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాలి, అందుకని ఒక రెవరెండును పుట్టించింది, ఆ మాటలోని ఒట్టు తీసేసి, వ్యాకరణం దిద్ది, గౌరవనీయుడైన ఒక మగవాడి నోట్లో పెట్టి లోపలికి పంపింది, పుస్తకం లేదండి అన్నది తన గొంతే, కేకు కత్తి ఇంకా చేతిలోనే ఉంది, ఆ పుస్తకం లేదు మిస్టర్ టిప్పింగ్, ఎప్పుడూ లేదు, ఆ చీటీ నేను కల్పించి రాశాను, మీ కళ్ళు తప్పిపోలేదు, లేనిదాన్ని లేదనే చూశాయి అంది, గొంతు తనకు తెలియకుండానే బర్న్లీ గొంతైపోయింది, డాక్టర్ సెల్బీ కప్పు కింద పెట్టారు, మిస్ క్రాబ్‌ట్రీ, నా గదికి రండి అన్నారు చాలా నెమ్మదిగా, టిప్పింగ్ కళ్ళజోడు తీశాడు, కొత్త సూటు అంచుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, అయితే నా కళ్ళు చూసింది సరే అన్నమాట అన్నాడు ఎవరితోనో, తరువాత, ఒక్క నిమిషం ఆగండి డాక్టరుగారూ అని, అలవాటుగా జేబులోంచి ఖాళీ చీటీ ఒకటీ పచ్చ పెన్సిలూ తీసి, మరి ఆ మాట ఎవరిది మిస్ అని అడిగాడు, కోపం లేదు ఆ గొంతులో, సరిచూసేవాడి శ్రద్ధ, ఆరు గళ్ళకూ ఒక్కొక్కటిగా జవాబు చెప్పింది మేవిస్, పేరు హానా, హానా క్రాబ్‌ట్రీ, ఊరు బర్న్లీ, పోయేనాటికి డెబ్బై ఏడు, నేత, నాలుగు మగ్గాలు, చదువు పదేళ్ళకు సగం, పన్నెండుకు పూర్తిగా ఆగింది, నాకు నాన్నమ్మ, చెబుతుంటే తెలిసింది, ఆ పేరు ఈ ఆఫీసులో గట్టిగా పలకడం ఇదే మొదటిసారి, ఇన్నాళ్ళూ దొంగచీటీని దాస్తున్నాననుకుంది, దాస్తూ వచ్చింది నాన్నమ్మని.

ఆ సాయంత్రం ఐదింటికి ప్రెస్సు మనిషి వచ్చేసరికి ప్రూఫులో పద్నాలుగో అర్థం మీద అడ్డంగా గీత పడింది, పదిహేనోది జరిగి దాని చోట్లోకి వచ్చింది, టిప్పింగ్ ఇచ్చిన ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు, మేవిస్ సోమవారం నుంచి ఆ మెట్లెక్కలేదు, అచ్చులో దొరకని మాట కనక నిఘంటువులో దానికి ఇప్పటికీ చోటు లేదు, ఎప్పుడైనా ఆ సంపుటి మీ చేతికొచ్చి ఆ క్రియ దగ్గర తెరిస్తే, దొరసానులూ ప్రభువులూ గురువులూ అందరూ వరసగా కనపడతారు, ఆవిడ కనపడదు, స్నేహితురాలి మగ్గాలు మూడు వారాలు స్నేహితురాలి పేరు మీదే నడిపి, కాళ్ళవాపు మిగుల్చుకుని, దాన్నొక చిన్న మాటతో చెప్పి నవ్విన మనిషి, బర్న్లీ నేతపనిమనిషి హానా క్రాబ్‌ట్రీ, ఆ పేరు మీరు గుర్తుంచుకోండి.